లినక్స్ కంటే ముందే మొదలైన హర్డ్ ఎందుకు వెనకబడింది? సెమినార్‌కు, ప్రాజెక్టుకు పనికొస్తుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నల్లగొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడొకరు ఆపరేటింగ్ సిస్టమ్స్ సెమినార్‌కు గ్నూ హర్డ్‌ను అంశంగా తీసుకున్నారు. "ఇది లినక్స్ కంటే ముందే మొదలైంది కదా, మరి ఎందుకు వెనకబడింది? మైక్రోకర్నెల్ అనే ఆలోచనే తప్పా? 4 జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో నడిపి చూపించొచ్చా? ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?" అని అడిగారు.

సూటిగా జవాబు: ఆలోచన తప్పు కాదు. (హార్డ్‌వేర్‌ను నడిపే అడుగు ప్రోగ్రామును కర్నెల్ అంటారు. దాన్ని చిన్నదిగా ఉంచి మిగతా పనులు బయటి ప్రోగ్రాములకు, అంటే సర్వర్లకు, అప్పగిస్తే మైక్రోకర్నెల్.) అనుకున్న దారిలో మూడు అడ్డంకులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మాక్ అనే కర్నెల్ లైసెన్సు తేలేదాకా మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. మెసేజీలతో మాట్లాడుకునే సర్వర్లలో బగ్ ఎక్కడుందో పట్టుకోవడం అనుకున్నదానికంటే చాలా కష్టమైంది. ఈలోపు లినక్స్ వచ్చి అందరి అవసరం తీర్చేసరికి హర్డ్ మీద పనిచేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. 2000 తర్వాత అడుగున ఉన్న కర్నెల్‌నే మార్చాలని చేసిన ప్రయత్నాలు ఇంకొన్నేళ్లు తినేశాయి. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌గా (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌గా) హాయిగా నడుస్తుంది. ప్రాజెక్టుగా అయితే చిన్న ట్రాన్స్‌లేటర్ (ఒక ఫైల్ మీద కూర్చుని, దాన్ని తెరిచినవాళ్లకు జవాబిచ్చే ప్రోగ్రాము) రాయడం గానీ, డెబియన్ అనే ఉచిత సిస్టమ్‌లోని ప్యాకేజీని హర్డ్‌కు పోర్ట్ చేయడం (హర్డ్ మీద నడిచేలా మార్చడం) గానీ తీసుకోండి. వైఫై డ్రైవర్ రాస్తాను, అసలు ల్యాప్‌టాప్ మీద ఇన్‌స్టాల్ చేస్తాను అంటే మాత్రం వద్దనే చెప్తాను.

ముందు స్లైడ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటి సరిచేస్తాను. హర్డ్ మైక్రోకర్నెల్ కాదు. మైక్రోకర్నెల్ పేరు గ్నూ మాక్. దాని మీద మామూలు ప్రోగ్రాముల్లాగే నడిచే సర్వర్ల గుంపు పేరు హర్డ్. ఫైల్ సిస్టమ్ ఒక ప్రోగ్రాము, నెట్‌వర్క్ ఒక ప్రోగ్రాము, యూజర్ ఎవరో తేల్చేది ఒక ప్రోగ్రాము, ప్రాసెస్ నంబర్లు చూసేది ఇంకో ప్రోగ్రాము. పేరులో కూడా ఒక ఆట ఉంది. హర్డ్ అంటే 'హిర్డ్ ఆఫ్ యూనిక్స్ రీప్లేసింగ్ డీమన్స్', ఆ హిర్డ్ అంటే 'హర్డ్ ఆఫ్ ఇంటర్‌ఫేసెస్ రిప్రజెంటింగ్ డెప్త్'. ఒకదాని విడమరుపులో ఇంకొకటి ఉంటుంది. సెమినార్ మొదట్లో ఈ ఒక్క స్లైడ్ పెడితే వినేవాళ్లు మేలుకుంటారు.

ఇక చరిత్ర. అందరూ స్వేచ్ఛగా వాడుకోగల యూనిక్స్ లాంటి సిస్టమ్ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది 1983 సెప్టెంబర్ 27న. కంపైలర్, ఎడిటర్, షెల్, లైబ్రరీ ఒక్కొక్కటే తయారవుతూ వచ్చాయి. కర్నెల్ పనిని చివరికి పెట్టుకున్నారు. 1986 చివర్లో ఎంఐటీలో తయారైన ట్రిక్స్ అనే కర్నెల్‌ను మార్చుకుందామని మొదలుపెట్టారు. అది 68000 చిప్ ఉన్న, బయట దొరకని ఖరీదైన మెషిన్ మీద మాత్రమే నడిచేది. దాన్ని మామూలు కంప్యూటర్ల మీదికి తేవడానికే సగం శక్తి పోతుందని తేలి వదిలేశారు.

1987లో చూపు మాక్ మీద పడింది. (ఇది ఆపిల్ మ్యాక్ కాదు. ఆపిల్ వాడే కర్నెల్ లోపల కూడా ఇదే మాక్ ఉండటం వేరే సంగతి, కింద చెప్తాను.) కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రిచర్డ్ రాషిద్ బృందం 1985 నుంచి దాని మీద పనిచేస్తోంది. తయారుగా ఉన్న కర్నెల్‌ను తీసుకుని, దాని మీద సర్వర్లు మాత్రం మనం రాసుకుంటే పని తొందరగా తెమిలిపోతుందన్నది స్టాల్‌మన్ లెక్క. సర్వర్లు మామూలు ప్రోగ్రాములే కాబట్టి డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామును ఆపి లోపల చూసే సాధనం) తగిలించి తప్పులు పట్టుకోవచ్చు అన్నది ఆ లెక్కలో రెండో సగం. ఈ రెండో సగమే తర్వాత ఎదురు తిరిగింది.

మాక్ కోడ్‌ను అందరూ వాడుకోగల లైసెన్సు కింద యూనివర్సిటీ ఇస్తుందా లేదా అన్నది తేలడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. హర్డ్ రాయడం మొదలైంది 1990లో, ప్రధాన రూపశిల్పి థామస్ బుష్నెల్. బెర్క్‌లీ వాళ్ల బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం సిస్టమ్ కోడ్ తీసుకుని దానికి కావలసినవి చేర్చుకుందామన్నది బుష్నెల్ మొదటి ఆలోచన. ఆ దారిలో వెళ్లుంటే పని నెగ్గేదని, ప్రపంచమే వేరుగా ఉండేదని ఆయనే తర్వాత అన్నారు. నా లెక్కలో హర్డ్ కథలో అతి పెద్ద మలుపు ఇదే. లినక్స్ రావడం దీని తర్వాతి మాట.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ తన కర్నెల్ గురించి మొదటిసారి ప్రకటించింది 1991 ఆగస్టులో. 1992కల్లా అది జీపీఎల్ (అందరూ వాడుకుని, మార్చుకోగల గ్నూ లైసెన్సు) కిందికి వచ్చింది. హర్డ్ మొదటిసారి బూట్ అయింది 1994లో, 0.0 విడుదలైంది 1996లో, 0.2 వచ్చింది 1997లో. దాని తర్వాతి అధికారిక విడుదల 0.5, అది 2013 సెప్టెంబర్ 27న, గ్నూకు 30 ఏళ్లు నిండిన రోజున వచ్చింది. మధ్యలో 16 ఏళ్లు. 2015లో 0.6, 0.7, 2016లో 0.8, 0.9 వచ్చాయి. ఈ 16 ఏళ్ల ఖాళీ చూసి "ప్రాజెక్టు చచ్చిపోయింది" అని రాసేవాళ్లు ఉన్నారు, అది తప్పు. ఆ కాలమంతా కోడ్ రిపాజిటరీలో పని నడుస్తూనే ఉంది, విడుదల అని ముద్ర మాత్రం వేయలేదు. 1998లో మార్కస్ బ్రింక్‌మన్ డెబియన్ పోర్ట్ మొదలుపెట్టాక వాడాలనుకున్నవాళ్లు అక్కడినుంచే తెచ్చుకునేవాళ్లు.

డీబగ్గింగ్ ఎందుకంత కష్టం? మీ సెమినార్‌కు ప్రాణం ఈ భాగమే, కాబట్టి నిదానంగా చెప్తాను.

లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఫైల్ తెరవాలంటే సిస్టమ్ కాల్ చేస్తుంది, కర్నెల్ లోపలే అంతా జరిగి జవాబు వస్తుంది. హర్డ్‌లో ఫైల్ తెరిచే సిస్టమ్ కాల్ కర్నెల్‌లో అసలు లేనే లేదు. మీ ప్రోగ్రాము దగ్గర రూట్ డైరెక్టరీకి ఒక పోర్ట్, ఇప్పుడున్న డైరెక్టరీకి ఒక పోర్ట్ ఉంటాయి. ఇక్కడ పోర్ట్ అంటే మెసేజీ వేసే పెట్టె అనుకోండి, 'పోర్ట్ చేయడం'లోని పోర్ట్ కాదు. ఓపెన్ అని రాయగానే సీ లైబ్రరీ ఆ పోర్ట్‌కు 'డైరెక్టరీ లుకప్' అనే మెసేజీ పంపుతుంది. అవతల ఉన్న ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ సర్వర్ దారిలో ఒక్కో పేరూ వెతుక్కుంటూ పోతుంది. మధ్యలో ఏదైనా ఫైల్ మీద వేరే సర్వర్ కూర్చుని ఉంటే "ఇక్కడివరకే నాది, మిగతా పేరు పట్టుకుని అతన్ని అడుగు" అని ఆ సర్వర్ పోర్ట్ ఇచ్చి పంపేస్తుంది. సీ లైబ్రరీ మళ్లీ అక్కడికి మెసేజీ పంపుతుంది. మీరెవరో నమ్మాలి కాబట్టి ఆ కొత్త సర్వరూ, మీ ప్రోగ్రామూ విడివిడిగా ఆథ్ సర్వర్‌ను అడుగుతాయి, అది ఇద్దరినీ జత కలిపి "ఈ పోర్ట్ పట్టుకొచ్చినవాడి యూజర్ నంబర్ ఇంత" అని చెప్తుంది. ఇదంతా అయ్యాకే ఫైల్ తెరుచుకుంటుంది.

ఇప్పుడు ఫైల్ తెరుచుకోకుండా ప్రోగ్రాము ఆగిపోయిందనుకుందాం. తప్పు సీ లైబ్రరీదా? ఫైల్ సిస్టమ్ సర్వర్‌దా? ఆథ్ సర్వర్‌దా? మెసేజీ మోసే మాక్‌దా? ఒక సర్వర్‌కు డీబగ్గర్ తగిలించి ఆపితే దాని జవాబు కోసం చూసేవాళ్లంతా వరసగా ఆగిపోతారు. డీబగ్గర్ కూడా డిస్క్ మీది ప్రోగ్రామే కదా, రూట్ ఫైల్ సిస్టమ్ సర్వర్‌ను ఆపితే డీబగ్గర్‌కు కావలసిన పేజీలు (మెమరీలోకి తెచ్చే ముక్కలు) ఇచ్చేవాడే ఉండడు, అదీ ఆగిపోతుంది. అందుకే హర్డ్ మీద పనిచేసేవాళ్లు ఒక హర్డ్ లోపల ఇంకో హర్డ్‌ను నడిపి, లోపలిదాన్ని బయటినుంచి డీబగ్ చేస్తారు. దాన్ని సబ్‌హర్డ్ అంటారు. పైగా మెసేజీలు ఏ వరసలో వస్తాయో ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఒకసారి కనబడ్డ బగ్ పదిసార్లు నడిపినా మళ్లీ కనబడదు.

మెమరీ దగ్గర ఇంకో చిక్కు. మాక్‌లో ఫైల్ పేజీలను తెచ్చేది, తిరిగి రాసేది బయటి సర్వర్లే. ర్యామ్ నిండిపోయినప్పుడు కర్నెల్ "ఈ పేజీలు డిస్క్‌కు రాసెయ్" అని ఫైల్ సిస్టమ్ సర్వర్‌కు గంపెడు మెసేజీలు ఒకేసారి గుమ్మరిస్తుంది. ఒక్కో మెసేజీకి ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రాము లోపల విడిగా నడిచే పని) చొప్పున సర్వర్ వందల థ్రెడ్లు తెరుస్తుంది. ఆ థ్రెడ్లకు మళ్లీ మెమరీ కావాలి. మెమరీ ఖాళీ చేయమని అడిగితే ముందు మెమరీ ఇవ్వమంటుందన్నమాట. హర్డ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుందని పాత వాడకందార్లు చెప్పేదాంట్లో పెద్ద వాటా దీనిదే. తర్వాతి ఏళ్లలో ఈ వరదకు చాలావరకు అడ్డుకట్ట వేశారు.

మన పోచంపల్లి నేతలో నూలుకు చిటికి కట్టి రంగులో ముంచేటప్పుడే డిజైన్ ఖాయమైపోతుంది. మగ్గం ఎక్కాక పువ్వు పక్కకు జరిగిందని తెలిసినా పోగులు కొంచెం సర్దుకోగలం తప్ప పువ్వు మార్చలేం. హర్డ్‌కు మాక్ అలా పడింది. పోర్ట్‌లు, పోర్ట్ హక్కులు, మెసేజీ పద్ధతి సర్వర్లలోనే కాదు, సీ లైబ్రరీలో కూడా పోగుపోగులో ఉన్నాయి. ప్రాసెస్‌ను రెండుగా చీల్చే ఫోర్క్ హర్డ్‌లో సీ లైబ్రరీ పని. సిగ్నల్స్ కూడా దాని పనే. ప్రతి ప్రాసెస్‌లో సిగ్నల్ మెసేజీలు వినడానికే ఒక థ్రెడ్ ఉంటుంది. అందుకే ఏమీ చేయని చిన్న ప్రోగ్రాములో కూడా రెండు థ్రెడ్లు కనబడతాయి.

కర్నెల్ మార్చుదామనుకున్న కాలం. 1993లో యోఖెన్ లీట్కె అనే జర్మన్ శాస్త్రవేత్త మెసేజీ పంపడం ఎంత వేగంగా చేయొచ్చో కొలిచి చూపించారు. 8 బైట్ల చిన్న మెసేజీ మాక్ కంటే 20 రెట్లకు పైగా వేగంగా, 4 కేబీ మెసేజీ మూడు రెట్లు వేగంగా పోయింది. మైక్రోకర్నెల్ అంటేనే నెమ్మది అన్న మాటకు అది పెద్ద జవాబు. నెమ్మదితనం మాక్‌ది, ఆలోచనది కాదు అని తేలింది. ఎల్4 అనే మైక్రోకర్నెళ్ల కుటుంబం అక్కడినుంచి పుట్టింది.

ఆ దెబ్బతో 2000 తర్వాత మార్కస్ బ్రింక్‌మన్, నీల్ వాల్‌ఫీల్డ్ హర్డ్‌ను ఎల్4 మీదికి తేవడానికి పూనుకున్నారు. 2005 తొలినాళ్లకు మొదటి ప్రోగ్రాము నడిచింది కూడా. అయితే మాక్‌లో పోర్ట్ హక్కును ఒకరినుంచి ఒకరికి ఇచ్చిపుచ్చుకోవడం కర్నెల్ పని. అప్పటి ఎల్4లో ఆ పని లేదు, బయట కట్టుకోవాలి. మెమరీ లెక్కలూ బయటే చూసుకోవాలి. కట్టుకుంటూ పోయేకొద్దీ ఇది పోర్ట్ చేయడం కాదు, కొత్త సిస్టమ్ రాయడమని తెలిసింది. తర్వాత కొయోటోస్ అనే కర్నెల్ వైపు చూశారు, ఆపైన వాల్‌ఫీల్డ్ సొంతంగా వియెంగూస్ మొదలుపెట్టారు. ఏదీ వాడకానికి రాలేదు. 2007లో ఆ ఇద్దరే కలిసి హర్డ్ రూపకల్పనలోని లోపాలను విప్పి చెప్తూ ఒక పత్రం రాశారు. ఎవరి పనిలోని తప్పులను వాళ్లే అంత నిజాయితీగా రాయడం ఈ రంగంలో అరుదు, మీ సెమినార్‌కు దాన్ని మించిన చదువు లేదు.

ఈలోపు పాత మాక్ మీదే సామ్యుయెల్ తిబో లాంటి కొద్దిమంది ఓపిగ్గా పనిచేస్తూ వచ్చారు. ఇవాళ వాడకానికి మిగిలింది వాళ్లు నిలబెట్టిందే. 2013 మేలో డెబియన్ గ్నూ హర్డ్ 2013 వచ్చినప్పుడు 10,000కు పైగా ప్యాకేజీలు దొరికాయి. 2025 ఆగస్టు విడుదలలో 64 బిట్ కూడా పూర్తిస్థాయిలో వచ్చింది, డెబియన్ ప్యాకేజీల్లో దాదాపు 72 శాతం నడుస్తున్నాయి, రస్ట్ భాష కూడా చేరింది. డెబియన్ అధికారిక విడుదలలో మాత్రం ఇది భాగం కాదు, పక్కన వచ్చే పోర్ట్.

డ్రైవర్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదట్లో లినక్స్ 2.0 కాలం డ్రైవర్లను గ్నూ మాక్ లోపల అతికించుకున్నారు. తర్వాత నెట్‌వర్క్ కార్డులకు లినక్స్ 2.6 డ్రైవర్లను బయట ప్రోగ్రాముగా నడిపే డీడీఈ వచ్చింది. డిస్కులకు ఇప్పుడు నెట్‌బీఎస్‌డీ డ్రైవర్లను రంప్ అనే పద్ధతిలో అలాగే బయట నడుపుతున్నారు. కొత్త ల్యాప్‌టాప్ వైఫై, గ్రాఫిక్స్ మీద ఆశ పెట్టుకోకండి.

హర్డ్ కడుపున పుట్టి ప్రపంచమంతా తిరుగుతున్నది ఒకటుంది, స్లైడ్లో తప్పక పెట్టండి. 1995లో ఎరిక్ బోలిన్ హర్డ్‌ను యూటా యూనివర్సిటీ వాళ్ల మాక్ 4తో బూట్ చేయించాలని తంటాలు పడుతూ రాసిందే గ్రబ్. మీ ల్యాబ్‌లో ఉబుంటూ ఉన్న కంప్యూటర్ ఆన్ చేస్తే వచ్చే మెనూ అదే. ఇక మాక్ విషయం: నెక్స్ట్ కంపెనీ ద్వారా ఆపిల్ చేరి ఇవాళ ఐఫోన్లలో, మ్యాక్‌లలో నడుస్తోంది. అక్కడ మాక్, బీఎస్‌డీ భాగాలు రెండూ ఒకే కర్నెల్ లోపల ఉంటాయి కాబట్టి దాన్ని మైక్రోకర్నెల్ అని రాస్తే మాత్రం ఎగ్జామినర్ పట్టుకుంటారు.

ల్యాప్‌టాప్‌లో నడపడం. తెలుగు కీబోర్డులో రాస్తున్నాను కాబట్టి కమాండ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

డెబియన్ పోర్ట్స్ సైట్‌లో ముందే ఇన్‌స్టాల్ చేసిన డిస్క్ ఇమేజ్ ఉంటుంది, అది తెచ్చుకోండి. ఇన్‌స్టాలర్ జోలికి మొదటిసారే పోవద్దు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌కు 32 బిట్ ఇమేజ్ తీసుకుని వర్చువల్ మెషిన్‌కు 1 జీబీ ఇవ్వండి. డిస్క్ మీద 10 జీబీ ఖాళీ పెట్టుకోండి. ఉబుంటూలోంచి క్యూఈఎంయూతో (వర్చువల్ మెషిన్ నడిపే ప్రోగ్రాము), కేవీఎం (దాన్ని వేగంగా నడిపించే లినక్స్ సౌకర్యం) ఆన్ చేసి నడపండి. కేవీఎం లేకపోతే బూట్ కావడానికే విసుగు పుడుతుంది. ల్యాబ్ కంప్యూటర్లలో బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉండటం మామూలే, ముందే వెళ్లి చూసుకోండి. డిస్క్‌కు, నెట్‌వర్క్‌కు వర్ట్ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన పరికరాల రకం) పెట్టొద్దు, హర్డ్‌కు అవి కనబడవు. డిస్క్ ఐడీఈ లేదా ఏహెచ్‌సీఐ, నెట్‌వర్క్ కార్డు ఈ1000 ఇవ్వండి. రూట్‌గా లాగిన్ అవ్వండి, పాస్‌వర్డ్ ఉండదు. యూనేమ్ కొడితే 'గ్నూ' అని వస్తుంది. లినక్స్ అన్న మాట రాదు, చూసేవాళ్లకు అదే మొదటి ఆశ్చర్యం.

కరెంటు గురించి ఒక మాట. ఇక్కడి ఈఎక్స్‌టీ2కు జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే చిట్టాలో రాసుకోవడం) లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ ఠక్కున ఆగిపోతే తర్వాతి బూట్‌లో ఫైల్ సిస్టమ్ చెక్ తప్పదు, ఒక్కోసారి చేత్తో చేయాలి. ఇమేజ్‌ను మొదటిరోజే ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. పని అయ్యాక వర్చువల్ మెషిన్ విండో మూసేయకుండా హాల్ట్ కొట్టి దింపండి.

చూపించాల్సినవి రెండే రెండు.

మొదటిది హలో ట్రాన్స్‌లేటర్. సెట్‌ట్రాన్స్ కమాండ్‌కు మైనస్ సీ ఇచ్చి, హలో అనే ఫైల్ పేరు, తర్వాత రూట్ కింది హర్డ్ డైరెక్టరీలోని హలో ప్రోగ్రాము దారి ఇవ్వండి. ఇప్పుడు ప్రాసెస్‌ల జాబితా చూడండి, హలో ఉండదు. క్యాట్‌తో ఆ ఫైల్ చదవండి, 'హలో వరల్డ్' వస్తుంది. మళ్లీ జాబితా చూడండి, ఇప్పుడు హలో ప్రాసెస్ కనబడుతుంది. ఎవరో ఫైల్‌ను ముట్టుకునేదాకా నిద్రపోయి, ముట్టుకోగానే లేచే ప్రోగ్రాము అది. దీన్ని పాసివ్ ట్రాన్స్‌లేటర్ అంటారు. ఆ ఫైల్ మీద ఏ ప్రోగ్రాము కూర్చోవాలో ఆ ఫైల్ ఐనోడ్‌తోపాటే (ఫైల్ వివరాలు ఉండే చోటు) డిస్క్ మీద రాసి ఉంటుంది కాబట్టి రీబూట్ చేసినా పోదు. షోట్రాన్స్ కొడితే ఏది కూర్చుందో చెప్తుంది, సెట్‌ట్రాన్స్ మైనస్ జీ తీసేస్తుంది. ఇదే పద్ధతిలో మైనస్ ఏ ఇచ్చి ఐఎస్ఓ ఫైల్‌ను ఒక డైరెక్టరీగా తెరవొచ్చు, అదీ మామూలు యూజర్‌గా, రూట్ అనుమతి లేకుండా. లినక్స్‌లోకి ఇలాంటి సౌకర్యం ఫ్యూజ్ పేరుతో చేరింది 2005లో.

రెండోది నెట్‌వర్క్‌ను చంపడం. నెట్‌వర్క్ మొత్తం పీఎఫ్‌ఇనెట్ అనే ఒక ప్రోగ్రాము. దాన్ని కిల్ చేయండి. సిస్టమ్ పడిపోదు, రీబూట్ అక్కర్లేదు, తర్వాత ఎవరు నెట్‌వర్క్ అడిగినా అది మళ్లీ లేచి కూర్చుంటుంది. ఇది ఎస్ఎస్‌హెచ్‌లోంచి చేయకండి. పాత కనెక్షన్ల లెక్కంతా చచ్చిన ప్రాసెస్‌తోపాటే పోతుంది, మీ తెర అక్కడే బిగుసుకుపోతుంది, సెమినార్ హాల్లో అది బాగుండదు. వర్చువల్ మెషిన్ కన్సోల్‌లోనే చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది చూపించి "ఏ సర్వర్ పడినా ఏమీ కాదు" అనేయకండి. మన పాలమూరు గొలుసుకట్టు చెరువుల్లాంటిది ఇది. చిట్టచివరి చెరువుకు గండి పడితే నష్టం అక్కడికే ఆగుతుంది, పై చెరువు కట్ట తెగితే కింద ఉన్నవన్నీ వరసగా పోతాయి. పీఎఫ్‌ఇనెట్ చివరి చెరువు. రూట్ ఫైల్ సిస్టమ్, ఆథ్, ప్రాక్ (ప్రాసెస్ నంబర్లు చూసేది) సర్వర్లు పై చెరువులు, అవి పడితే మెషిన్ మొత్తం పడుతుంది.

ప్రాజెక్టు సంగతి. ట్రాన్స్‌లేటర్ రాస్తే లిబ్‌ట్రివ్‌ఎఫ్‌ఎస్ లైబ్రరీతో మొదలుపెట్టండి. ఒకే ఫైల్‌గా కనబడే ట్రాన్స్‌లేటర్లకు అది చాలు. హర్డ్ సోర్స్‌లో ట్రాన్స్ డైరెక్టరీలోని హలో ప్రోగ్రామును ముందుగా వరసవరసా చదవండి. దాన్ని చూసి రాసేవాళ్లంతా ఒకచోట జారిపడతారు: ఎంతవరకు చదివారో గుర్తు పెట్టుకునే ఆఫ్‌సెట్‌ను వదిలేస్తారు. అప్పుడు క్యాట్ కొడితే అదే వరస ఆగకుండా వస్తూనే ఉంటుంది, ఎందుకంటే 'అయిపోయింది' అని సున్నా బైట్లు ఎప్పుడూ తిరిగి రావు. ఆఫ్‌సెట్‌ను ఫైల్ తెరిచిన ప్రతివారికీ విడివిడిగా దాచాలి, అందరికీ ఒకటే పెడితే ఇద్దరు ఒకేసారి చదివినప్పుడు ఇద్దరికీ సగం సగం వస్తుంది. డైరెక్టరీలా కనబడేది కావాలంటే లిబ్‌నెట్‌ఎఫ్‌ఎస్‌కు వెళ్లండి, పని మాత్రం మూడింతలు.

నన్నడిగితే మూడు నెలల ప్రాజెక్టుకు పోర్టింగ్ మేలు. నిజంగా నలుగురికీ పనికొస్తుంది, మీ ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) డెబియన్‌లోకి వెళ్లే అవకాశం కూడా ఉంటుంది. హర్డ్ మీద బిల్డ్ కాక ఆగిపోయిన ప్యాకేజీల జాబితా డెబియన్ బిల్డ్ పేజీల్లో ఉంటుంది. కారణాలు ఎక్కువసార్లు ఇవే. పాత్ మ్యాక్స్ అనే కాన్‌స్టంట్ హర్డ్‌లో ఉండదు, ఎందుకంటే ఫైల్ దారి పొడవుకు ఇక్కడ హద్దు లేదు. దానికి 4096 అని మీరే ఒక డిఫైన్ రాసి పంపితే ప్యాచ్ వెనక్కి వస్తుంది, కావలసినంత మెమరీ అప్పటికప్పుడు తీసుకునేలా కోడ్ మార్చాలి. ఎర్రర్ నంబర్లు 1, 2, 3 అని కాకుండా చాలా పెద్ద సంఖ్యలుగా ఉంటాయి, కాబట్టి ఎర్రర్ నంబర్‌ను అర్రే ఇండెక్స్‌గా వాడిన ప్రోగ్రాము కూలిపోతుంది. లినక్స్ అయితే ఇలా, లేకపోతే విండోస్ అనుకుని రాసిన ఇఫ్‌డెఫ్‌లు (సిస్టమ్‌ను బట్టి కోడ్ ఎంచుకునే షరతులు) ఇంకో రకం.

చిన్న సీ ప్యాకేజీ ఒకటి ఎంచుకోండి, వెయ్యి ఫైళ్లున్నది వద్దు. ముందు ఉబుంటూలో బిల్డ్ అవుతుందో లేదో చూసుకుని, తర్వాత హర్డ్‌లో బిల్డ్ చేసి, మొదట వచ్చిన ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకోండి. ఆ లాగ్‌ను కింద పెట్టండి, ఎక్కడ చూడాలో చెప్తాను.